వంతు తప్పినా పఠనం ఆగకూడదు



హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన మొట్టమొదటి ఆజ్ఞ చదవమనే. ఆ వెనువెంటనే వచ్చిన ఆయతుల్లో కలం ప్రస్తావన ఉంది. ఈ విషయం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కానీ ఒకసారి మన ఇంట్లోని అల్మారా తెరిచి చూద్దాం. ఎంతో ఇష్టంగా కొన్న హదీసు సంకలనం ముప్ఫయ్యో పేజీ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ప్రవక్త జీవిత చరిత్ర హిజ్రత్ ఘట్టం వరకైనా చేరి ఉండదు. రమజానులో రోజూ తెరిచిన ఖుర్ఆన్ అనువాదం షవ్వాల్ నుంచి జుజ్దాన్‌లోనే ఉంటుంది.

నా సంగతీ అంతే. మదరసాలో ఉన్నన్నాళ్ళూ గంట కొడితే కితాబు తెరిచేవాణ్ణి. ఎంతవరకు వచ్చావని ఉస్తాద్ గారు అడిగేవారు. ఫరాగత్ అయి బయటికి వచ్చాక గంటా లేదు, అడిగేవారూ లేరు. ఒక ఉర్దూ తఫ్సీర్ మొదటి సంపుటంలో నేను గుర్తుగా పెట్టుకున్న కాగితం ముక్క ఏడాది తర్వాత కూడా అదే పేజీలో ఉంది. చదవటం మానెయ్యాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంట్లో పెళ్ళి పనుల వల్ల నాలుగు రోజులు తప్పింది. అయిదో రోజున సిగ్గనిపించింది. ఆ సిగ్గు వల్లే మళ్ళీ పుస్తకం ముట్టలేదు. మనలో చాలామంది అలవాటు ఇలాగే పోతుంది. దీనికి మార్గం ఏమిటి?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఆదర్శం

ఈయన యువకుడిగా ఉన్నప్పుడు రోజూ ఉపవాసం పాటించేవారు, ప్రతి రాత్రీ ఖుర్ఆన్ అంతా పఠించేవారు. ఈ సంగతి తండ్రి ద్వారా దైవప్రవక్త (స)కు తెలిసింది. ఆయన పిలిపించి, నెలకు మూడు ఉపవాసాలు చాలనీ, ఖుర్ఆన్ నెలకొకసారి పూర్తిచేస్తే చాలనీ చెప్పారు. తనకు ఇంకా శక్తి ఉందని ఈయన మళ్ళీ మళ్ళీ విన్నవించుకున్నారు. చివరకు రోజు విడిచి రోజు ఉపవాసం, ఏడు రాత్రులకొక ఖుర్ఆన్ పఠనం అని నిర్ణయమైంది.

తర్వాత వృద్ధాప్యం వచ్చింది. ఆ రోజు ప్రవక్త (స) ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఈయన అనుకునేవారు. అయినా తన వంతు వదల్లేదు. రాత్రి చదవవలసిన ఏడో వంతును పగలే ఇంట్లోవారిలో ఒకరికి వినిపించుకునేవారు, రాత్రి భారం తేలికవుతుందని. బలహీనంగా ఉన్నప్పుడు కొన్ని రోజులు ఉపవాసాలు ఆపి, ఆ రోజులు లెక్కపెట్టుకుని, శక్తి వచ్చాక అన్ని ఉపవాసాలూ పాటించేవారు. ఈ వివరాలు సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఉత్సాహంలో ఉన్న రోజున పెద్ద వంతు పెట్టుకోకూడదు. రెండోది, తప్పిన దాన్ని లెక్క వ్రాసుకుని తీర్చుకోవాలి. కొంచెమే అయినా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. నిద్ర వల్ల రాత్రి వంతు తప్పినవాడు దాన్ని ఫజ్ర్, జుహ్ర్ నమాజుల మధ్య చదువుకుంటే రాత్రి చదివినట్లే వ్రాయబడుతుందని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు (సహీహ్ ముస్లిం). తప్పినవాడికి షరీఅత్ తలుపు మూయలేదు.

పూర్వపు ఉలమా లెక్క

మన పూర్వికులు చదువుకు లెక్క వ్రాసుకునేవారు. పాత అరబీ వ్రాతప్రతుల అంచుల్లో 'బలగ' అనే గుర్తు కనిపిస్తుంది. సరిచూసుకుంటూ ఇక్కడివరకు వచ్చామని దాని అర్థం. గ్రంథాన్ని గురువు ఎదుట చదివి ముగించాక ఎవరెవరు విన్నారో, ఎక్కడ, ఏ తేదీన విన్నారో ప్రతిలోనే వ్రాసేవారు. దీన్ని 'సమా' అంటారు. ఎవరికైనా కొంత భాగం తప్పిపోతే 'ఫౌత్' అని దాన్ని కూడా నమోదు చేసేవారు. తప్పిన భాగాన్ని దాచిపెట్టడం వారి పద్ధతి కాదు. బాగ్దాద్‌కు చెందిన పుస్తక వర్తకుడు ఇబ్నె నదీమ్ అయితే క్రీ.శ. 987లో తనకు తెలిసిన పుస్తకాలన్నిటినీ పది అధ్యాయాలుగా నమోదు చేసి 'అల్ ఫిహ్రిస్త్' రచించారు.

మనం ఏం చేయాలి?

1. వంతు చిన్నదిగా పెట్టుకోండి. మన దేశంలో అచ్చయ్యే ముస్‌హఫ్‌లలో ప్రతి పారాకూ రుబా, నిస్ఫ్, సలాసా అనే గుర్తులుంటాయి. రోజుకు పావు పారా చదివితే 120 రోజుల్లో, అంటే ఏడాదికి మూడుసార్లు ఖుర్ఆన్ పూర్తవుతుంది. వేరే పుస్తకం రోజుకు రెండు పేజీలు చదివినా ఏడాదికి 730 పేజీలు.

2. దాన్ని ఏదో ఒక నమాజుకు జతచేయండి. ఫజ్ర్ తర్వాత పది నిమిషాలు చాలు. తీరిక దొరికినప్పుడు చదువుదామంటే తీరిక దొరకదు.

3. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పుస్తకం పేరు, మొదలుపెట్టిన తేదీ, చేరిన పేజీ, అందులో ఆచరణకు తీసుకున్న ఒక విషయం వ్రాయండి. అరువిచ్చిన పుస్తకం ఎవరి దగ్గరుందో కూడా వ్రాసుకోండి. అరువు తెచ్చుకున్నది అమానతు అని మరవకండి.

4. తప్పిన రోజున 'తప్పింది' అనే వ్రాయండి. మర్నాడు జుహ్ర్ లోపు తీర్చుకోండి. చాలా రోజులు తప్పితే అంతా ఒకేసారి నెత్తినేసుకోవద్దు. ఈరోజు వంతు ముందు చదవండి. బాకీని జుమా రోజుల్లో కొంచెం కొంచెంగా తీర్చండి.

5. అర్థంకాని పుస్తకాన్ని పక్కన పెట్టడం తప్పు కాదు. ఎందుకు పెట్టారో వ్రాసి, ఆలిములను అడిగి తేలికైనది ఎంచుకోండి.

ఒక హెచ్చరిక

ఈ లెక్క ఇతరులకు చూపించుకోవటానికి కాదు. ప్రళయదినాన మొట్టమొదట తీర్పు జరిగేవారిలో, తనను ఆలిమ్ అనాలని జ్ఞానం నేర్చినవాడూ, ఖారీ అనాలని ఖుర్ఆన్ చదివినవాడూ ఉంటాడని సహీహ్ ముస్లింలో ఉంది. ఎన్ని పుస్తకాలు చదివానో నలుగురికీ చెప్పుకోవాలనిపిస్తే ఆ హదీసు గుర్తుచేసుకోవాలి. నాలుగో గడి, అంటే ఆచరణకు తీసుకున్న విషయం ఖాళీగా ఉంటే మిగతా మూడు గడులు నిండి ప్రయోజనం లేదు.

మన నోటుపుస్తకంలో ఒక పేజీ పోయినా మళ్ళీ వ్రాసుకోవచ్చు. దైవదూతలు వ్రాస్తున్న కర్మల పత్రం మాత్రం మన చేతుల్లో లేదు. ఆగిపోయిన ఆ పుస్తకాన్ని ఈ రోజే తీసి, కాగితం ముక్క ఉన్న చోటునుంచే రెండు పేజీలు చదవండి. అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, దానిపై నిలకడనూ ప్రసాదించుగాక! ఆమీన్.