రెండు పొడుగు ఎర్ర కాయలు



మన సావనీరుకు కవితలు, కథలు రాసేవాళ్ళకు కొదవ లేదు. నాకు ఆ విద్య రాదు. నేను బి.యస్సీ. చదువుతున్న రైతు బిడ్డను. మాది భూపాలపల్లి జిల్లా టేకుమట్ల. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇక్కడికొచ్చి ఇంగ్లీషు మీడియంలో పడ్డవాణ్ణి. కనుక నన్ను చాలాకాలం ఏడిపించిన ఒక చిన్న వ్యాకరణ విషయం గురించి, నాకు అర్థమైనంత వరకు, నాలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఈ పేజీ తిప్పేసినా నాకు కోపం లేదు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక సెమినారులో (ఎక్కడని అడగకండి) మిరప మొక్కను గురించి మాట్లాడవలసి వచ్చింది. వృక్షశాస్త్రంలో దాని పేరు కాప్సికం ఆన్యుయమ్, కుటుంబం సొలనేసీ, కాయ బెర్రీ జాతిది. ఇవన్నీ బాగానే చెప్పాను. తర్వాత చేతిలో రెండు కాయలు ఎత్తి చూపించి 'రెడ్ లాంగ్ టూ ఫ్రూట్స్' అన్నాను. వెనక బెంచీల నుంచి నవ్వు లేచింది. మిగతా రెండు పేజీలు ఎట్లా చదివానో నాకే తెలియదు. ఆ తర్వాత ఏడాదిపాటు క్లాసులో చెయ్యి ఎత్తలేదు. నారు పోసిన దగ్గర నుంచి కాయ ఏరి కల్లంలో ఎండబెట్టే దాకా మిరప పని చేసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. అయినా నోరు మూసుకొని కూర్చున్నది నేనే.

అసలు తప్పేమిటి? పదాలు తప్పు కాదు, వరుస తప్పు. నామవాచకం ముందు రెండు మూడు విశేషణాలు వచ్చినప్పుడు ఇంగ్లీషులో వాటికొక వరుస ఉంది. మొదట సంఖ్య, తర్వాత మన అభిప్రాయం (మంచి, అందమైన), తర్వాత పరిమాణం, వయస్సు, ఆకారం, రంగు, పుట్టిన చోటు లేదా జాతి, చేసిన పదార్థం, చివరికి ఉపయోగం, ఆ వెనుక నామవాచకం. పుస్తకాల్లో వయస్సును, ఆకారాన్ని అటూ ఇటూ మార్చి చెబుతారు. మార్క్ ఫోర్సిత్ అనే ఇంగ్లీషు రచయిత 2013లో వెలువడిన తన పుస్తకంలో ఈ వరుసను ఒక్క వాక్యంలో చెప్పి ప్రసిద్ధికెక్కించాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కూడా, ఇలాంటి సూత్రం ఒకటుందని తమకు తెలియకుండానే ఇన్నాళ్ళూ పాటించామని ఆశ్చర్యపోయారట. టోల్కీన్ అనే మహా రచయిత ఏడేండ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు ఒక కథ రాసి, అందులో డ్రాగన్‌ను 'పచ్చని పెద్ద' అన్నాడు. అట్లా అనకూడదు, 'పెద్ద పచ్చని' అనాలని తల్లి దిద్దింది. ఎందుకో తనకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదని 1955లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు ప్రొఫెసరు! ఈ సంగతి చదివిన రోజు నా మనసు కొంత కుదుటపడింది.

ఎనిమిది గళ్ళ పట్టిక గీసి బట్టీ పెట్టమంటారు గానీ అది వృథా శ్రమ అని నా అభిప్రాయం. మాట్లాడేటప్పుడు పట్టిక చూసుకునే తీరిక ఎవరికుంటుంది? పైగా మూడు విశేషణాలకు మించి ఒకచోట వచ్చేది చాలా అరుదు. నాకు ఈ పాఠం పుస్తకంలో కాదు, ఎనుమాముల మార్కెట్లో వంటబట్టింది.

ఫిబ్రవరిలో మా నాయినతో మిర్చి బస్తాలు వేసుకొని వరంగల్ పోయాను. ఖరీదుదారు దగ్గరికి రాగానే మా నాయిన దోసిలితో కాయ ఎత్తి చూపిస్తూ, 'మంచి కొత్త ఎర్ర తేజ కాయ సేటూ, తాలు లేదు' అన్నాడు. ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. మంచి అంటే అభిప్రాయం, కొత్త అంటే వయస్సు, ఎర్ర అంటే రంగు, తేజ అంటే రకం. సరిగ్గా ఇంగ్లీషు వరుస! 'గుడ్ న్యూ రెడ్ తేజా చిల్లీస్' అని ఒక్క మాట కూడా కదల్చకుండా అనువదించవచ్చు. అప్పుడు గుర్తుకు తెచ్చుకుంటే, పశువుల అంగట్లోనూ అంతే. 'పెద్ద నల్ల ముర్రా బర్రె' అంటాం గానీ 'ముర్రా నల్ల పెద్ద బర్రె' అని ఎవరంటారు? ఇంగ్లీషులోనూ 'ఏ బిగ్ బ్లాక్ ముర్రా బఫెలో'. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చిని 'పొట్టి గుండ్రని ఎర్ర చపాటా' అనండి. పరిమాణం, ఆకారం, రంగు, రకం, అన్నీ వరుసలోనే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా నాయిన దగ్గర ఈ వరుస మొదటి నుంచీ ఉన్నదే.

ఇది కేవలం కాకతాళీయం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1963లో 30 భాషలను పోల్చి కొన్ని సామాన్య సూత్రాలు ప్రకటించాడు. ఆ 30లో మన పొరుగు భాష కన్నడం ఉంది. నిర్దేశకం, సంఖ్య, విశేషణం మూడూ నామవాచకానికి ముందే వచ్చే భాషల్లో అవి ఆ క్రమంలోనే వస్తాయని అందులో ఒక సూత్రం. 'ఆ రెండు పెద్ద బర్రెలు' అన్నా 'దోజ్ టూ బిగ్ బఫెలోస్' అన్నా ఒకటే నడక. ఇక వస్తువులో సహజంగా ఉండే గుణం (జాతి, పదార్థం) నామవాచకానికి అంటుకొని ఉంటుందని, మనిషి మనిషికీ మారే అభిప్రాయం దూరంగా నిలుస్తుందని పండితులు ఒక కారణం చెబుతారు. నాకు ఇది నచ్చింది. తేజ మిర్చి తేజ కాకుండా పోదు గానీ, మంచిదా కాదా అన్నది సేటు ఇష్టాన్ని బట్టి ఉంటుంది.

మరి తెలుగులోనే ఉన్న వరుస నేనెందుకు తప్పాను? ఆలోచిస్తే కారణం దొరికింది. ఇంగ్లీషంటే తెలుగుకు తలకిందులు అని బళ్ళో నేర్చుకున్నాం. క్రియ తలకిందులే: 'అన్నం తిన్నాను' మనకు, 'ఏట్ రైస్' వాళ్ళకు. విభక్తి తలకిందులే: 'బల్ల మీద' మనకు, 'ఆన్ ది టేబుల్' వాళ్ళకు. అదే అలవాటున 'రెండు పొడుగు ఎర్ర కాయలు' అనే చక్కటి మాటను కూడా తిరగేసి 'రెడ్ లాంగ్ టూ ఫ్రూట్స్' చేశాను. తెలుగు ఉన్నది ఉన్నట్టు పెట్టి ఉంటే 'టూ లాంగ్ రెడ్ ఫ్రూట్స్' అయ్యేది, ఎవరూ నవ్వేవారు కాదు. తెలుగులో ఆలోచించవద్దని మనకు చెబుతారు గానీ, ఈ ఒక్క చోట తెలుగులో ఆలోచించడమే క్షేమం.

అయితే తెలుగు మనల్ని ముంచే చోట్లు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఇది. 'మూడెకరాల చేను' అంటాం. ఎకరాలు బహువచనం కనుక 'త్రీ ఏకర్స్ ఫీల్డ్' అని రాస్తాం. తప్పు. 'ఏ త్రీ ఏకర్ ఫీల్డ్' అనాలి. ఇంగ్లీషులో విశేషణానికి బహువచనం లేదు, 'బిగ్స్ హౌసెస్' అని అనరు కదా. ఏకర్ అనే నామవాచకం ఇక్కడ విశేషణం పని చేస్తోంది కనుక దానికీ బహువచనం ఉండదు. 'ఫైవ్ రుపీ కాయిన్', 'టూ అవర్ జర్నీ' కూడా ఇంతే. రాసేటప్పుడు సంఖ్యకూ దానికీ నడుమ చిన్న గీత పెట్టాలి. అదే క్రియ తర్వాత వస్తే మళ్ళీ బహువచనమే: 'ఐ యామ్ ట్వెంటీ ఇయర్స్ ఓల్డ్', కానీ 'ఏ ట్వెంటీ ఇయర్ ఓల్డ్ స్టూడెంట్'. నా రికార్డు పుస్తకంలో ఎర్ర సిరా ఎక్కువగా పడ్డది ఇక్కడే.

ఇంకొకటి 'గా'. 'నెమ్మదిగా నడిచాడు' అంటే 'స్లోలీ'. అదే లెక్కన 'పొలం పచ్చగా ఉంది'లో 'గా' చూసి 'గ్రీన్‌లీ' అనబోతాం. 'ఉంది' పక్కన ఉన్న 'గా'ను వదిలేయాలి: 'ది ఫీల్డ్ ఈజ్ గ్రీన్'. 'పెద్ద పెద్ద బస్తాలు' కూడా 'బిగ్ బిగ్ బ్యాగ్స్' కాదు, ఒక్క 'బిగ్' చాలు. 'కంటే' అనే మాటకు తెలుగులో విశేషణం మారదు కనుక మనం 'మోర్ బిగ్గర్' అని రెండు సార్లు కట్టేస్తాం, అదీ మానాలి.

నిజంగా తలకిందులు చేయవలసింది మాత్రం ఒకటుంది. 'నిన్న నాయిన అంగట్ల కొన్న నల్ల బర్రె' అనే దాంట్లో వాక్యమంత విశేషణం బర్రెకు ముందే వచ్చింది. ఇంగ్లీషులో 'నల్ల' ముందే ఉంటుంది, మిగతాదంతా బర్రె వెనక్కి పోతుంది: 'ది బ్లాక్ బఫెలో విచ్ ఫాదర్ బాట్ ఇన్ ది మార్కెట్ యెస్టర్డే'. ఒక్క మాట విశేషణమైతే ముందు, వాక్యమైతే వెనుక.

మా చెల్లె సర్కారు బడిలో చదువుతోంది. 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిది తరగతుల దాకా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది కదా, ఆ బ్యాచిలో పడింది. మొన్న సెలవులకు పోయినప్పుడు ఆమె సీసాను చూపించి ఇంగ్లీషులో చెప్పమన్నాను. 'ఏ స్మాల్ గ్రీన్ ప్లాస్టిక్ వాటర్ బాటిల్' అంది. ఎందుకట్లా, 'ప్లాస్టిక్ గ్రీన్' ఎందుకు కాదని అడిగితే, 'గట్లనే అంటరు' అని ఆటకు పోయింది. ఏడాది పాటు నేను పడ్డ బాధకు ఆమె ఇచ్చిన విలువ అది.

చివరగా మీకు కొద్దిపాటి అభ్యాసం. వీటిని ఇంగ్లీషులోకి మార్చండి: ఒకటి, ఆ మూడు పాత ఇనుప నాగళ్ళు. రెండు, పది కిలోమీటర్ల దూరపు నడక. మూడు, అందమైన చిన్న తెల్ల దూడ. నాలుగు, మా ఊరి నుంచి వచ్చిన పొడుగు పిల్లవాడు.

జవాబులు: దోజ్ త్రీ ఓల్డ్ ఐరన్ ప్లవ్స్. ఏ టెన్ కిలోమీటర్ వాక్. ఏ బ్యూటిఫుల్ లిటిల్ వైట్ కాఫ్. ది టాల్ బాయ్ హూ కేమ్ ఫ్రమ్ అవర్ విలేజ్.