పీపీఓలో అమ్మ పుట్టిన తేదీ ఉందా?

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో హవల్దారుగా చేసి 1985లో రిటైరయ్యారు. ఇప్పుడు 84 ఏళ్లు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అమ్మకు 81, మోకాళ్ల నొప్పులతో ఆవిడే లేవలేని స్థితి. పగలొకరిని, రాత్రొకరిని పెట్టుకోక తప్పడం లేదు. అమెరికాలో మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు ఈ ఖర్చుకు ప్రభుత్వమే డబ్బిస్తుందని అక్కడున్న మా బావగారు అంటున్నారు. మన దగ్గర అలాంటిదేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: మీ బావగారు చెప్పింది నిజమే. అక్కడ యుద్ధకాలంలో పనిచేసి, ఇప్పుడు ఆదాయం తక్కువగా ఉన్న మాజీ సైనికులకు, వాళ్లు పోయాక భార్యలకు, పింఛను మీద 'ఎయిడ్ అండ్ అటెండెన్స్' పేరుతో అదనంగా కలుపుతారు. మన దగ్గర ముసలితనంలో పెట్టుకున్న మనిషికి జీతమిచ్చే పథకం అలా ఒక్కటిగా లేదు. ఉన్న డబ్బు నాలుగైదు చోట్ల ముక్కలుగా ఉంది. మీకు ఏ ముక్క దక్కుతుందో, ఏది దక్కదో చెబుతాను.

దక్కనిది ముందు. 'కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్' అని ఒకటుంది. పేరు అచ్చం మీ కోసమే పెట్టినట్టుంటుంది. 2017 జులై నుంచి నెలకు 6,750 రూపాయలు చేశారు. డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా అది పావు వంతు పెరగాలి. కానీ సర్వీసు వల్ల నూరు శాతం వైకల్యం వచ్చి డిజెబిలిటీ పింఛను తీసుకుంటున్నవారికి, పక్కన మనిషి ఉండి తీరాలని మెడికల్ బోర్డు రాస్తేనే ఇస్తారు. రిటైరైన నలభై ఏళ్లకు వచ్చిన పక్షవాతం దీని కిందకు రాదు. నాన్నగారికి పాత యుద్ధగాయం మీద డిజెబిలిటీ పింఛను ఉండి, ఆ గాయమే ఇప్పుడు ముదిరి ఉంటే మాత్రం మళ్లీ మెడికల్ బోర్డు పెట్టమని అడగవచ్చు.

వైద్యం ఖర్చుకు మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారు చందా కట్టక్కర్లేదు. అమ్మగారికి కూడా కార్డుందో లేదో చూసుకోండి. పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుంటే ఆసుపత్రి, ఫిజియోథెరపీ, డాక్టరు రాస్తే చక్రాల కుర్చీ దాకా వస్తాయి. ఇంట్లో మనిషి జీతం రాదు. ఇక్కడొక మెలిక ఉంది. 70 దాటిన అందరికీ 5 లక్షల ఆయుష్మాన్ కార్డని ఊళ్లో చేయిస్తుంటారు. ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు రెండింటిలో ఒకటే ఉంచుకోవాలి. ఊరందరితో పాటు వరుసలో నిలబడి చేతిలో ఉన్నదాన్ని వదులుకోకండి.

ఇక అసలు విషయం. పింఛను తీసుకునేవారికి 80 నిండిన నెల నుంచి మూల పింఛనులో 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50 శాతం అదనంగా వస్తుంది. నూరేళ్లు నిండితే మూల పింఛనంతా ఇంకోసారి ఇస్తారు. దాని మీద డీఏ కూడా ఉంటుంది. నాన్నగారికి 20 శాతం పడుతోందా, 85 నిండగానే 30 అవుతుందా అన్నది సైనిక పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో పెన్షన్ స్లిప్ తీస్తే తెలుస్తుంది. బ్యాంకు పాస్‌బుక్కు చూస్తే తెలియదు.

మీరు అడగలేదు గానీ నన్ను కలవరపెట్టేది అమ్మగారి సంగతి. నాన్నగారి పింఛను మామూలుగా ఆఖరి జీతంలో సగం. ఆయన తర్వాత అమ్మగారికి వచ్చే ఫ్యామిలీ పింఛను 30 శాతం. ఇంటికొచ్చే డబ్బు ఒక్క నెలలో అంత పడిపోతుంది. మనిషిని పెట్టుకోవలసిన అవసరం మాత్రం అప్పటికి ఇంకా పెరుగుతుంది. 80 దాటిన అదనపు పింఛను ఆవిడకూ ఉంది. అయితే అది లెక్కపెట్టేది ఆవిడ వయసును బట్టి. ఆవిడ పుట్టిన తేదీ పింఛను మంజూరు పత్రం పీపీఓలో లేకపోతే ఆఫీసు లెక్కలో ఆవిడకు వయసే లేదు!

ఆ మధ్య ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ట్రంకు పెట్టెలోంచి తీసిన డిశ్చార్జి బుక్కుకు ఇంకా కలరా ఉండల వాసన కొడుతోంది. భార్య పేరు ఉండాల్సిన చోట, ఉత్తరాది గుమాస్తా ఎవరో తన చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. మన 'వెం' అక్కడ 'బెన్' అయింది. పుట్టిన తేదీ దగ్గర అడ్డగీత. ఆవిడకు అప్పటికి 86. ఆరేళ్లుగా అదనపు పింఛను లేదు. మూల పింఛను పదివేలు అనుకున్నా మొదటి ఐదేళ్లు నెలకు రెండు వేలు, ఆరో ఏడు మూడు వేల చొప్పున డీఏ కాకుండానే లక్షా యాభై ఆరు వేలు. బ్యాంకులో అడిగితే రికార్డు ఆఫీసుకు రాయమన్నారు. అక్కడికి రాస్తే, ఈ పేరు గలావిడా ఆ పేరు గలావిడా ఒకరే అనడానికి రుజువేదన్నారు. చెప్పగలిగిన మనిషి పోయి తొమ్మిదేళ్లయింది.

మీ నాన్నగారు ఇంకా ఉన్నారు. అందుకే ఈ పని ఈ నెలలోనే చేయండి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, అమ్మగారి ఆధార్, పాన్ లేదా ఓటరు కార్డు, ఇద్దరి పేరు మీద అఫిడవిట్ పెట్టి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పంపండి. కుడిచెయ్యి పనిచేయకపోతే ఎడమ బొటనవేలి ముద్ర చాలు, సాక్షులు ఉండాలి. సవరించిన పీపీఓ ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం నుంచి వస్తుంది. వచ్చాక అందులో పేరూ తేదీ అక్షరం అక్షరం సరిచూడండి.

ఆఫీసు కదలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 నాటి చట్టం ప్రకారం రిటైరైనవారే కాదు, వారి మీద ఆధారపడినవారూ వారసులూ అక్కడికి వెళ్లవచ్చు. ఆలస్యమైందని హక్కు పోదు, పాత బకాయి పోతుంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పింఛను ఆగడం నెలనెలా జరిగే తప్పే అంటూనే, బకాయిలు కేసు వేసిన నాటికి వెనక మూడేళ్లకే పరిమితం చేసింది. లాయరు ఫీజుకు భయపడి ఆగకండి. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 2025 జులైలో జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ నల్సా, సైనిక కుటుంబాల కోసం వీర్ పరివార్ సహాయతా యోజన అని విడిగా కూడా మొదలుపెట్టింది.

మీ వైపు సైన్యంలో చేసినవాళ్లు ఎక్కువ కాబట్టి ఇంకొక మాట. పదిహేనేళ్లు నిండకుండా బయటికొచ్చి పింఛను లేకుండా ఉండిపోయినవాళ్లు మీ వీధిలోనూ ఉండవచ్చు. హవల్దారు లేదా అంతకు దిగువ ర్యాంకులో చేసి, 65 దాటి, ఆదాయం లేనివారికి, వారి వితంతువులకు, కేంద్రీయ సైనిక్ బోర్డు 'పెన్యూరీ గ్రాంట్' ఇస్తుంది. అంటే దరిద్రానికిచ్చే డబ్బు. దేశం కోసం చేసినవాడికి ఆ పేరుతో ఇవ్వడం నాకు మింగుడుపడదు. నెలకు 4,000 ఉండేది, 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000 చేశారు. దీనికీ దారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే. ఇంకేవైనా పింఛన్లు వస్తుంటే దాచకుండా రాయమనండి.

అన్నదమ్ములు ఖర్చు పంచుకోవడం లేదని, ఇక్కడ అచ్చువేయని ఉత్తరం చివరి భాగంలో రాశారు. తల్లిదండ్రులు 2007 నాటి పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. నెలకు గరిష్ఠంగా 10,000 దాకా ఇప్పించవచ్చు. అది ఆఖరి మెట్టు.

మొదటి మెట్టు మీ ఉత్తరంలోనే ఉంది. అమ్మగారి పేరు ఒకచోట చివర 'అమ్మ'తో రాశారు, ఇంకోచోట లేకుండా రాశారు. డిశ్చార్జి బుక్కులో ఏది ఉందో ఈ రాత్రికే తీసి చూడండి.