క్లాడింగ్ అను మాట: దాని పుట్టుక, అర్థము

మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో మరియొక భాష, శాస్త్రపుస్తకమున ఇంగ్లీషు. అందుచే క్రొత్త మాటను అర్థము తెలియకయే వల్లించుట వారికి అలవాటగుచున్నది. అట్టి మాటను ఇంట నెట్లు పరీక్షింపవచ్చునో తెలుపుటకై ఒక్కదానిని తలిదండ్రుల యెదుట నుంచుచున్నాము. అది గాజుపోగులలో కాంతిని నడపు ఫైబర్ ఆప్టిక్స్ శాస్త్రమందలి ‘క్లాడింగ్’.

ఇంగ్లీషున ‘క్లాత్’ అనగా బట్ట. ‘క్లోద్’ అనగా బట్ట తొడుగుట. ‘క్లాడ్’ అనగా తొడుగబడినది. కావున క్లాడింగ్ అనగా తొడుగు. గోడపై పరచు పలకలకును ఈ పేరే కలదు.

గాజుపోగు నడిమి భాగమును కోర్ అందురు. కాంతి నడచునది అందే. దాని చుట్టును ఉన్న వేరొక గాజుపొరయే క్లాడింగ్. కోర్ కంటె దీని వక్రీభవన గుణకము కొంచెము తక్కువ. అందుచే మిక్కిలి ఏటవాలుగా వచ్చి ఆ సరిహద్దును తాకిన కాంతి బయటికి పోక లోపలికే మరలును. ఇదియే సంపూర్ణాంతర పరావర్తనము. దూరవార్తలకు వాడు పోగున కోర్ అడ్డుకొలత సుమారు 9 మైక్రానులు. తొడుగుతో కలిసి 125. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

తొడుగనగానే దెబ్బ తగులకుండ కాచునదని పిల్లలు తలచుట సహజము. ఆ పని ముఖ్యముగ దానిపైనుండు ప్లాస్టిక్ పూతది. క్లాడింగ్ పని కాంతిని లోపల నిలుపుట.

దీని అవసరము అనుభవముచే తెలిసినది. 1954 జనవరి 2 నాటి ‘నేచర్’ పత్రికలో రెండు వ్యాసములు వెలువడినవి. లండనులో పనిచేయుచుండిన హాప్కిన్స్, పంజాబున జన్మించిన నరీందర్ సింగ్ కపానీ గార్ల పోగులకు తొడుగు లేదు. హాలెండు శాస్త్రజ్ఞుడు వాన్ హీల్ గారు తక్కువ గుణకము గల పూతను సూచించిరి. వట్టిపోగులు ఒండొంటిని తాకినచోట కాంతి ఒకదానినుండి మరియొకదానికి జారిపోవును. వ్రేలి జిడ్డు తగిలినను నష్టమే. 1956లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి లారెన్స్ కర్టిస్ గాజుకు గాజునే తొడిగెను. అట్టి పోగులతో చేసిన సాధనముచే 1957లో వైద్యులు రోగి కడుపులోపలిని చూడగలిగిరి.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలు ఇట్టి మాటను చదివినప్పుడు “దీని అర్థమేమి?” అని మాత్రమే అడుగక, “ఇది లేకున్న ఏమగును?” అని తెలుగున అడుగుడు. “కాంతి బయటికి పోవును” అని చెప్పగలిగినచో పాఠము వచ్చినట్లే. చెప్పలేనిచో కోపింపక, ఆ ప్రశ్ననే మరునాడు ఉపాధ్యాయుని యొద్దకు పంపుడు.