కొత్త కారు, పాత కారు, మన అంతరాత్మ



కొత్త వాహనాన్ని గుడి ముందు నిలిపి, తీర్థజలం చల్లి ఆశీర్వదించమని అడగడం మన విచారణలలో పాత ఆచారమే. ఒకప్పుడు సైకిళ్లు తెచ్చేవారు. తర్వాత మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు వచ్చాయి. ఇప్పుడు కార్లు వస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు 28 శాతం, దానిపైన సెస్సు ఉండేవి. ఆ తగ్గింపు తర్వాత, ఇన్నాళ్లూ సెకండ్ హ్యాండ్ కార్లతో సరిపెట్టుకున్న కుటుంబాలు కూడా షోరూము మెట్లెక్కుతున్నాయి.

అటువంటి కుటుంబం ఒకటి మా విచారణలో ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉపాధ్యాయులు. పన్నెండేళ్లలో రెండు పాత కార్లు నడిపారు. "ఫాదర్‌గారూ, ఈసారి కొత్తది తీసుకుందామనుకుంటున్నాం. ఇది ఆడంబరమవుతుందంటారా?" అని అడిగారు. మంచి ప్రశ్నే. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అదనంగా ఇన్ని లక్షలు పోసి మనం కొంటున్నది అసలు ఏమిటి?

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన ప్రతివారికీ అరిస్టాటిల్ చెప్పిన చెప్పుల ఉదాహరణ గుర్తుంటుంది. చెప్పుకు రెండు ఉపయోగాలున్నాయి: ఒకటి కాలికి తొడుక్కోవడం, రెండవది మరో వస్తువుకో డబ్బుకో మార్చుకోవడం. చెప్పును చేసింది మొదటి దాని కోసమే అంటాడాయన. కారూ అంతే. షోరూము గేటు దాటిన కారు నిన్న నడిచినట్లే నేడూ నడుస్తుంది, కాని మారకపు విలువ అప్పుడే జారడం మొదలవుతుంది. బీమా పాలసీలో వాహనపు విలువ లెక్కగట్టే పట్టిక చూడండి. ఆరు నెలల లోపే నూటికి 5 తీసేస్తారు. ఆరు నెలలు దాటితే 15, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50. అయిదో ఏడు నడుస్తుండగానే పట్టిక ప్రకారం సగం విలువ పోయింది. కారు మాత్రం ఇంకా పదేళ్లు పరుగెత్తగలదు.

మన పెద్దలలో కొందరు కారును ఆస్తి కింద జమ కట్టేవారు. వారి కాలానికి అది నిజమే. 1980లలో స్కూటరుకు పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 తొలి తాళాలు చేతులు మారినప్పుడు, వంతు వచ్చినవారు ఆ బండినే కొన్న ధర కంటే ఎక్కువకు అమ్ముకోగలిగేవారు. వస్తువు కరువైనచోట పాతది కూడా బంగారమే. ఆ కరువు పోయి చాలా కాలమైంది. పొలం, ఇంటి స్థలం, బంగారం ఆస్తి. కారు చెప్పుల వంటిది, అరిగిపోవడమే దాని పని.

మరి అరిగిపోయే వస్తువు కొత్తదే ఎందుకు కొనాలి? ఆ మాస్టారినే అడిగాను. ఆయన జవాబు నాకు నచ్చింది: "పాత కారులో ఏ చప్పుడొచ్చినా, మా కంటే ముందు దీనికి ఏం జరిగిందో అని భయం, ఫాదర్‌గారూ." అసలు విషయం ఇదే. పాత కారుకు మనకు తెలియని ఒక జీవితం ఉంటుంది. మీటరు 45,000 కిలోమీటర్లు చూపిస్తుంది. దాన్ని ఎవరైనా వెనక్కి తిప్పారేమో తెలియదు. రంగు నిగనిగలాడుతుంది. దాని కింద ఏ గుద్దు దాగి ఉందో తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలా మునిగిన బండిని శుభ్రంగా కడిగి ఆరబెట్టి అమ్మకానికి పెడితే పైకేమీ కనబడదు. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగి చూసేవారికి, సీటు కింది ఇనుప పట్టాలు తడిమి చూసేవారికి మాత్రమే బురద గీత, తుప్పు చిక్కుతాయి.

కనుక కొత్త కారు కొనేవారు లోహానికీ రంగుకూ మాత్రమే డబ్బు ఇవ్వడం లేదు. చరిత్ర లేని వస్తువును, అనుమానం లేని వస్తువును కొంటున్నారు. ఇక నుంచి దాని చరిత్రలో ప్రతి పేజీ వారే రాస్తారు. అందుకు అదనపు ధర చెల్లించడం తప్పు కాదు. కాని ఆ ధర గిట్టుబాటు కావాలంటే ఆ బండిని చాలాకాలం ఉంచుకోవాలి. నాలుగేళ్లకొకసారి మార్చేవారు, పైన చెప్పిన పట్టికలో విలువ ఎక్కువగా పోయే భాగాన్నే మళ్లీ మళ్లీ కొంటున్నారు. పాత కార్లు నడిపిన కుటుంబాలకు ఇక్కడ ఒక మేలుంది. ఇంజనాయిల్ ఎప్పుడు మార్చాలో, ఏ చప్పుడును నిర్లక్ష్యం చేయకూడదో వారికి అలవాటైన విద్య. కొత్తదానికి ఏమీ కాదులే అని ఆ విద్యను వదిలేయకూడదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజనును బలవంతంగా పరుగు తీయించకూడదని కంపెనీ ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఎంతమంది తెరుస్తారో గాని!

ఇక అప్పు సంగతి. కొత్త కారు కొన్న చాలా ఇళ్లలో దిగులు ఇక్కడే మొదలవుతుంది కనుక కొంచెం ఓపికగా చూద్దాం. ఆరు లక్షల అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకోండి. ఏడేళ్లలో తీర్చేటట్లయితే నెలకు సుమారు 9,650 రూపాయలు. అయిదేళ్లలోనైతే సుమారు 12,450. షోరూములో మనకు చూపించేది చిన్న అంకెనే. మొత్తం వడ్డీ మాత్రం మొదటి దానిలో దాదాపు 2,11,000, రెండవ దానిలో దాదాపు 1,47,000. చిన్న కిస్తీ కోసం 64 వేలు ఎక్కువ కడుతున్నామన్నమాట. మరో మెలిక ఉంది. కొందరు "ఫ్లాట్ రేటు" అంటారు. అంటే, మీరు తీర్చేకొద్దీ అసలు తగ్గినా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న ఆరు లక్షల మీదే లెక్కగడతారు. అప్పుడు అదే 9 శాతానికి అయిదేళ్ల వడ్డీ 2,70,000 అవుతుంది. అంకె ఒకటే, అర్థం వేరు. తగ్గుతున్న అసలు మీద వడ్డీయా, ఫ్లాటా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

నేను ఆ దంపతులకు చెప్పినది ఇంతే: బుక్ చేయడానికి ముందు ఆరు నెలల పాటు ఆ కిస్తీ మొత్తాన్ని ప్రతి నెలా బ్యాంకులో వేరుగా జమ చేయండి. పిల్లల ఫీజు, అమ్మగారి మందులు, ఇంట్లో పెళ్లి ఖర్చు అన్నీ దాటుకుని ఆ జమ సాగితే మీకు కారు అందుబాటులో ఉన్నట్లే. మూడో నెలలోనే చేయి పెట్టవలసి వస్తే, బ్యాంకువాడి కంటే ముందు మీ ఇల్లే మీకు జవాబు చెప్పింది. ఆరు నెలల తర్వాత ఆ సొమ్ము మొదటి చెల్లింపులోకి ఎటూ పనికివస్తుంది.

షోరూము ధర వేరు, బండి రోడ్డెక్కే ధర వేరు. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా కలుస్తాయి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి మూడేళ్లకు కట్టాలి. బీమాను షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. బయట ధర కనుక్కుని బేరమాడవచ్చు. మ్యాట్లు, సీటు కవర్లు, "హ్యాండ్లింగ్ చార్జీలు" అంటూ చేరే ప్రతి పద్దుకూ ఇది దేనికి అని అడగండి. అడగడం చిన్నతనం కాదు. మీ పేర రిజిస్ట్రేషన్ కాకముందే, పగటి వెలుతురులో, కేటాయించిన ఆ బండినే కళ్లారా చూడండి. టైరు మీద నాలుగంకెలుంటాయి. 3225 అని ఉంటే 2025లో ముప్పయిరెండో వారంలో తయారైనదని అర్థం. టైర్లు మరీ పాతవైతే, ఆ బండి యార్డులో ఎన్నాళ్లు ఎండకు నిలబడిందో ఆలోచించాలి.

ఆడంబరం ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. 2013 జులైలో దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు గురువిద్యార్థులతో, నవశిష్యులతో మాట్లాడుతూ, గురువులు, మఠకన్యలు సరికొత్త మోడలు కార్లలో తిరగడం తనకు బాధ కలిగిస్తుందని, పనికి కారు కావాలి గాని నిరాడంబరమైనది ఎంచుకోమని చెప్పారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఒక ఇటలీ గురువు ఇచ్చిన 1984 నాటి రెనో 4 కారును, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినదాన్ని, సంతోషంగా స్వీకరించారు. ఆ మాట ముందుగా మా గురువులకు. గృహస్థులకు దానిలో ఉన్న భాగం పాతదే కొనమని కాదు, ఎదురింటివారి కారు కంటే అడుగు పొడవైనది కొనవద్దని. అవసరానికి సరిపడే కారును, కట్టగలిగిన ధరకు కొని, పదేళ్లు వాడుకునే ఉపాధ్యాయ కుటుంబంలో నాకు ఆడంబరం కనబడలేదు. (ఆశీర్వాదం గురించి ఒక మాట. శ్రీసభ ఆశీర్వాద గ్రంథంలో వాహనాలకు ప్రత్యేక ప్రార్థన ఉంది. అయితే నాతో ఆశీర్వాదం చేయించుకుని, ఎందుకైనా మంచిదని మళ్లీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకునే మన కతోలికులను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.)

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పాత కారును ఏం చేయాలి? కొత్తది కొనేవారంతా అదే వారంలో పాతది అమ్మేవారు కూడా. ఆ విషయం ఎవరూ తలచుకోరు. వారి పాత కారుకు ఒక జబ్బుంది. ముప్పయి, నలభై కిలోమీటర్లు నడిచాక ఇంజను వేడెక్కుతుంది, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతాయి. హెడ్ గాస్కెట్ పోయింది. తెలిసిన మెకానిక్ సలహా: "పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూపించండి మాస్టారూ, రెండు కిలోమీటర్లు తిప్పితే ఏమీ తెలియదు." టీచరమ్మగారికి ఆ మాట మింగుడుపడలేదు. "మరి అందరూ అలాగే అమ్ముతారు కదా ఫాదర్‌గారూ, మాకూ అలాగే అంటగట్టారు కదా" అన్నారు మాస్టారు.

ఈ ప్రశ్నకు పదమూడో శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు వారు జవాబు రాశారు. తమ వేదాంత సంగ్రహంలో, అమ్మేవాడు వస్తువులోని లోపాన్ని చెప్పి తీరాలా అని ఒక ప్రశ్న వేసుకుంటారు. వారి కాలంలో కార్లు లేవు కనుక గుర్రాలతో వివరించారు. గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి. అది కొనేవాడికి కనబడుతూనే ఉంది. ధర తగినట్లు తగ్గిస్తే చాలు, నోరు విప్పి చెప్పనక్కర లేదు. కాని లోపం దాగి ఉండి, దానివల్ల కొనేవాడికి నష్టమో ప్రమాదమో కలిగేటట్లయితే చెప్పి తీరాలి. చెప్పకుండా అమ్మడం మోసం, నష్టపరిహారం ఇవ్వవలసిన మోసం.

దీన్ని మన బండికి అన్వయించుకుందాం. గీతలు పడిన బంపరు, వెలిసిన సీటు ఒంటికన్ను గుర్రం వంటివి, చూసుకోవడం కొనేవాడి వంతు. హెడ్ గాస్కెట్ అలా కాదు. ఆ కారు కొనే కుర్రవాడు గర్భిణి అయిన భార్యను రాత్రివేళ గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్తూ దారి మధ్యలో ఆగిపోవచ్చు. "అందరూ అలాగే అమ్ముతారు" అన్నది జరుగుతున్నదాన్ని చెబుతుంది, చేయవలసినదాన్ని కాదు. ఇంకో మాట కూడా మాస్టారితో అన్నాను. ఈ రోజు మీరు కొత్త కారుకు లక్షలు అదనంగా ఎందుకు పోస్తున్నారు? పన్నెండేళ్లుగా మీకు అమ్మినవారెవరూ నిజం చెప్పలేదు కనుక. ఆ అనుమానానికి వెల కట్టింది మీరే. ఇప్పుడు అదే అనుమానాన్ని చౌకగా మరొకరికి అంటగడతారా? షోరూములో ఎక్స్‌చేంజికి ఇచ్చినా సంగతి మారదు. అక్కడివారు తనిఖీ చేసుకుంటారు నిజమే, కాని వారు అడిగినప్పుడు లేదని చెప్పే హక్కు మనకు రాదు.

రెండు దారులున్నాయి. గాస్కెట్ మార్పించి, ఆ బిల్లుతో సహా అమ్మడం ఒకటి. ఉన్న లోపం కాగితం మీద రాసి, ధర తగ్గించి అమ్మడం రెండవది. కొందరు కొనకుండా వెళ్లిపోతారు. నిజం విన్నాక కూడా కొనేవాడు మాత్రం మళ్లీ మీ గుమ్మానికి పోట్లాటకు రాడు.

చివరగా కాగితాలు. పాత కారు మీద అప్పు తీరినా ఆర్.సి.లో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి ఎన్.ఓ.సి., ఫారం 35 తెచ్చుకుని దాన్ని తీయించాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను చెబుతోంది. సంతకం పెట్టి ఖాళీ ఫారాలు చేతికిచ్చి, తర్వాత వాళ్లే మార్చుకుంటారులే అనుకునేవారు మన విచారణలలో చాలామంది. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత ఆర్.సి.లో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కొన్నవారి పేరుతో కొత్త ఆర్.సి. వచ్చేవరకు వెంటపడండి, దాని నకలు ఒకటి దాచుకోండి.

పాత కారుకు ఏళ్ల తరబడి క్లెయిము చేయకపోతే బీమాలో నో క్లెయిమ్ బోనసు పేరుకుని ఉంటుంది, గరిష్ఠంగా 50 శాతం దాకా. అది బండిది కాదు, యజమానిది. బీమా కంపెనీ నుంచి సర్టిఫికెట్టు తీసుకుని కొత్త కారు పాలసీకి వాడుకోవచ్చు. షోరూములో బీమా కాగితం మీద సంతకం పెట్టకముందే ఈ సంగతి అడగండి, వారంతట వారు చెప్పకపోవచ్చు.