డ్రైవు మార్పు

గ్రంథాలయమున వేలకొలది పుస్తకములున్నను, ఏది యే బీరువాలో నున్నదో తెలుపు పట్టిక లేనిచో అవి యుండియు లేనట్లే. కంప్యూటరు డ్రైవునందును ఇట్టి పట్టిక కలదు. ప్రతి ఫైలు పేరును, పరిమాణమును, అది యున్న చోటును అందు వ్రాయబడి యుండును. ఈ యేర్పాటునే ఫైల్ సిస్టమ్ అందురు.

మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఫ్యాట్ 32 పద్ధతి 1996లో వచ్చినది. సులభమైన దగుటచే పెక్కు పరికరములు దీనిని చదువగలవు. కాని 4 గిగాబైట్లు గాని, అంతకు మించి గాని యున్న ఫైలు ఇందు ఇముడదు. 1993లో విండోస్ ఎన్.టి.తో వెలువడిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతికి ఆ యిబ్బంది లేదు. అది పట్టికలో చేయబోవు మార్పును ముందుగా చిట్టాలో వ్రాసికొనును. నడుమ విద్యుత్తు పోయినను, ఆ చిట్టాను చూచి పట్టికను సరిచేసికొనును. అయితే కొన్ని కెమెరాలు దీనిని చదువజాలవు.

ఫ్యాట్ 32 నుండి ఎన్.టి.ఎఫ్.ఎస్.కు మారుటకు రెండు మార్గములు కలవు. విండోస్‌లోని 'కన్వర్ట్' అను ఆదేశము ఫైళ్లను చెరపక పద్ధతిని మార్చును. 'ఫార్మాట్' అనునది పాత పట్టికను తీసివేసి క్రొత్తది వేయును. ఉన్న ఫైళ్లు దక్కవు. కన్వర్ట్ చేసిన పిదప వెనుకకు మరల్చు ఆదేశము విండోస్‌లో లేదు, ఫార్మాటే శరణ్యము.

కన్వర్ట్ నడుచుచుండగా విద్యుత్తు పోయినచో ఫైళ్లు చెడవచ్చును. కావున తెలిసినవాడు మొదట ఫైళ్లకు ప్రతులు తీసి వేరొక డ్రైవులో భద్రపరచును, వానిలో కొన్నింటిని తెరచి చూచును, డ్రైవునందలి దోషములను పరీక్షించును, ఆపైననే ఆదేశమిచ్చును. పని ముగియువరకు డ్రైవును ఊడదీయడు.

డ్రైవు చెడినచో క్రొత్తది కొనవచ్చును. గతించిన తాతగారి కంఠస్వరమున్న ఒక్క ఫైలు పోయినచో, అది యే అంగడిలోను దొరకదు.