కాటా చీటీలు పారేయకండి: మిరప రకాలు ఇలా పోల్చుకోండి

బళ్లారి జిల్లా కురుగోడు, సిరుగుప్ప వైపు మిరప కళ్లాలకు చేరుతున్న రోజులివి. కాయ ఎండి బస్తాకెక్కకముందే విత్తనాల ఏజెంట్లు ఊళ్లోకి దిగుతారు. ఫలానా రైతుకు ఎకరాకు ముప్పై క్వింటాళ్లు పండిందని ఫోన్‌లో ఫోటో చూపిస్తారు. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ చేను కాలువ మొదట్లో ఉండొచ్చు, ఏటా పశువుల ఎరువు తింటున్న నల్లరేగడి కావచ్చు. వచ్చే ఖరీఫ్ విత్తనం తేల్చుకోవడానికి ఒక్క చేను చాలదు.

మీ ఊళ్లో మొదటి రకం ఐదుగురు, రెండో రకం ఐదుగురు వేశారనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే. మొదటి రకం ఎకరాకు 11, 12, 13, 14, 30 క్వింటాళ్లు, రెండోది 14.5, 15, 15.5, 16, 17. సగటు తీస్తే మొదటిది 16, రెండోది 15.6. సగటును నమ్మి మొదటి రకం కొంటే, ఆ 30 ఒక్కటే మీ చేత కొనిపించినట్టు. మిగతా నలుగురూ రెండో రకం వేసిన ప్రతి ఒక్కరికన్నా తక్కువే పండించారు.

ఇలాంటప్పుడు ర్యాంకులు చూడాలి. పది చేలనూ కలిపి తక్కువ నుంచి ఎక్కువకు వరుస కట్టి 1 నుంచి 10 దాకా నంబర్లు వేయండి. రెండు చేలకు దిగుబడి సమానమైతే ఆ రెండు నంబర్ల సగటు చెరొకదానికి వేయండి. మన లెక్కలో మొదటి రకానికి 1, 2, 3, 4, 10 పడ్డాయి, మొత్తం 20. రెండోదానికి 35. ఆ 30 క్వింటాళ్లు 50 అయినా దాని నంబరు 10 దాటదు.

అయితే రెండో రకమే మేలా? తొందరపడకండి. ఐదైదు చేల లెక్కలో చిన్న మొత్తం 17 గానీ అంతకు తక్కువ గానీ ఉంటేనే తేడాను నమ్మాలి. రెండు రకాలూ సమానమే అయినా అంత ఎడం ఊరకే రావడం నూటికి ఐదుసార్లు కూడా జరగదు. మనకు వచ్చింది 20, కాబట్టి ఇంకా తేలలేదు. మూడేసి చేలతోనైతే అసలు తేలదు: ఒక రకం మూడింటికి మూడూ ముందున్నా, అలాంటి ఫలితం పదింట ఒకసారి ఊరకే వస్తుంది.

ఈ పద్ధతికి మూలం పురుగు మందులతో పనిచేసినవాడే. అమెరికా రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్ విల్‌కాక్సన్ 1945లో రెండు ఈగల మందులను ఇలాగే ర్యాంకులతో పోల్చి చూపాడు. 1947లో మాన్, విట్నీ అనే పరిశోధకులు దాన్ని విస్తరించారు. మూడు, నాలుగు రకాలను ఒకేసారి పోల్చే పరీక్షను 1952లో క్రుస్కల్, వాలిస్ ఇచ్చారు. అది తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఏ రకం మేలో తెలియాలంటే మళ్లీ జతలుగా చూడాలి.

లెక్కకన్నా చేల ఎంపిక దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఒక రకం అంతా కాలువ మొదట్లో, ఇంకోటి చివరి ఆయకట్టులో ఉంటే మీరు పోల్చింది నీళ్లను, విత్తనాన్ని కాదు. ఒకే రైతు ఐదు మడులు ఐదు చేల కింద లెక్కకు రావు. ఒకే చేనును సగం సగం చేసి రెండు రకాలు వేస్తే అది జతల లెక్క, దానికి పరీక్ష వేరు. 2021లో మిరపను ముంచిన నల్ల తామర పురుగు లాంటిది ఒక మూల చేలకే పడితే ఆ సంగతి కూడా కాటా చీటీ వెనక రాసుకోండి.

వచ్చే సీజన్‌కు కనీసం పదిమంది కూడి, ఎవరికి ఏ రకమో విత్తేముందే చీటీలు తీసి పంచుకోండి. ఇప్పటి కాటా చీటీలను ఎకరాల వివరంతో సహా హగరి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి లెక్క చూపించుకోండి. విత్తనానికి అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.