బుల్, బేర్: మార్కెట్ ట్రెండ్‌ను గుర్తించడం ఎలా?

షేర్ల ధరలు కొన్ని వారాలో, నెలలో, ఏళ్లో ఒకే దిక్కుగా సాగితే దాన్ని ట్రెండ్ అంటారు. మన మార్కెట్ దిశను ప్రధానంగా రెండు సూచీలు చెబుతాయి: బీఎస్ఈ స్టాక్ ఎక్స్ఛేంజీలోని 30 పెద్ద కంపెనీలతో కూడిన సెన్సెక్స్, ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజీలోని 50 కంపెనీలతో కూడిన నిఫ్టీ. సూచీ ఒక్కరోజు ఎగిసినా, పడినా ట్రెండ్ మారినట్లు కాదు. బ్రోకింగ్ సంస్థల్లో డీలర్‌గానో, రీసెర్చ్ అనలిస్టుగానో స్థిరపడాలనుకునే విద్యార్థులు మొదట పట్టుకోవలసిన సంగతి ఇదే.

గరిష్ఠాలు, కనిష్ఠాలు

ధర ప్రతిసారీ పాత గరిష్ఠాన్ని దాటుతూ, తగ్గినప్పుడు పాత కనిష్ఠానికి పైనే ఆగుతుంటే అది అప్‌ట్రెండ్. గరిష్ఠాలు, కనిష్ఠాలు రెండూ దిగజారుతుంటే డౌన్‌ట్రెండ్. సూచీ గరిష్ఠం నుంచి 10 శాతం తగ్గితే కరెక్షన్ అనీ, 20 శాతం పడితే బేర్ మార్కెట్ అనీ వ్యవహరిస్తారు. కనిష్ఠం నుంచి 20 శాతం పెరిగితే బుల్ మార్కెట్.

2020 నాటి నిఫ్టీ ఇందుకు చక్కని ఉదాహరణ. జనవరి 20న 12,430కి చేరిన సూచీ ఫిబ్రవరి ఆరంభంలో సుమారు 11,600కు తగ్గింది. మళ్లీ పుంజుకున్నా 12,250 దాటలేకపోయింది. ఇది తొలి హెచ్చరిక. నెలాఖరులో 11,600 కూడా చేజారడంతో డౌన్‌ట్రెండ్ ఖాయమైంది. కరోనా భయంతో మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడింది. మర్నాడు 7,511ను తాకాక కోలుకుని, నవంబరులో జనవరి గరిష్ఠాన్ని దాటేసింది.

కారణాలు

కంపెనీల లాభాలు, వడ్డీరేట్లు, ముడిచమురు ధర, విదేశీ సంస్థాగత మదుపరుల కొనుగోళ్లు, అమ్మకాలు ట్రెండ్‌ను నడిపిస్తాయి. వడ్డీరేట్లు పెరిగితే కంపెనీలకు అప్పు భారమవుతుంది, మదుపరులకు డిపాజిట్లు ఆకర్షణీయంగా కనిపిస్తాయి. దాంతో షేర్లపై ఒత్తిడి పడుతుంది. దీర్ఘకాలిక దిశ కోసం విశ్లేషకులు 200 రోజుల సగటు ధరను చూస్తారు. పెరుగుదలకు ట్రేడింగ్ పరిమాణం తోడైతే దానికి బలం ఉన్నట్లు భావిస్తారు.

ఉద్యోగానికి సన్నద్ధత

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ (ఎన్ఐఎస్ఎం) ఈ రంగానికి అవసరమైన సర్టిఫికేషన్ పరీక్షలు నిర్వహిస్తుంది. రీసెర్చ్ అనలిస్టులకు సిరీస్ 15, ఈక్విటీ డెరివేటివ్స్ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) డీలర్లకు సిరీస్ 8 ఉద్దేశించినవి.

చదువుతోపాటు సాధనా ముఖ్యమే. నిఫ్టీ పాత చార్టుల్లో గరిష్ఠాలు, కనిష్ఠాలు గుర్తించి, ట్రెండ్ ఎక్కడ మారిందో, అప్పటి వార్తలేమిటో రాసుకోవాలి. నేర్చుకునే దశలో సొంత డబ్బుతో ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి వెళ్లకూడదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ విభాగంలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. ఏ అంచనాకైనా ఆధారమేమిటో, సూచీ ఏ స్థాయి దాటితే ఆ అంచనా తప్పినట్లో ముందే రాసిపెట్టుకోవడం మంచి విశ్లేషకుడికి ఉండాల్సిన తొలి అలవాటు.